చిన్నబుచ్చని వస్తువు



స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మన ప్రభుత్వానికి ఒక బెంగ పట్టుకుంది. చిన్న పరిశ్రమల్లో తయారయ్యే సరుకు నాణ్యత నానాటికీ దిగజారిపోతోంది, దీనికి మందేమిటో ఎవరైనా చెబితే బాగుండునని. కుర్చీల రూపకల్పనలో అప్పటికే పేరు మోసిన అమెరికన్ దంపతులు ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్‌లను పిలిపించారు. ఖర్చు ఫోర్డ్ ఫౌండేషన్ భరించింది. ఆ ఇద్దరూ ఊళ్లు తిరిగి, జనాన్ని చూసి, 1958లో ఒక చిన్న నివేదిక రాసిచ్చారు. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలోకీ గొప్పది బహుశా ఇదేనేమో అని అందులో వాళ్లు ఒకదాన్ని ఎంచారు. అదేమిటో తెలుసా? చెంబు. ఉత్తరాదివాళ్లు లోటా అంటారు కాబట్టి వాళ్లూ ఆ పేరుతోనే రాశారు.

చెంబుని ఏ ఒక్కరూ కూర్చుని బొమ్మ గీసి తయారు చెయ్యలేదు. తరతరాలుగా వాడినవాళ్ల చేతుల్లో, చేసినవాళ్ల చేతుల్లో కుదురుకుంటూ వచ్చింది. మరి ఇవాళ ఒకడు కొత్తగా చెంబు చెయ్యాలని బయల్దేరితే వాడు ఏమేం ఆలోచించాలి? ఈమ్స్ దంపతులు ఆ ప్రశ్నలన్నీ వరసగా రాసుకుంటూ పోయారు. ఎన్ని నీళ్లు పట్టాలి? పట్టుకునే చెయ్యి ఎవరిది, ఎంతది? నెత్తిన పెట్టుకుని మోస్తారా, నడుం మీద ఆనించుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు మొగ్గుతుంది, వంచి పోస్తుంటే ఎటు మొగ్గుతుంది? లోపల తోమడానికి వీలుగా మూతి ఎంత వెడల్పుండాలి? వేడిగా ఉన్నదేదైనా పోస్తే పట్టుకోగలమా? ఇంతవరకూ కాస్త బుర్రపెట్టే ఇంజనీరెవరైనా అడుగుతాడు. జాబితా అక్కడితో ఆగలేదు. కళ్లు మూసుకుని పట్టుకుంటే హాయిగా ఉంటుందా? నేల మీదో రాతి మీదో పెట్టినప్పుడు, ఇంకో గిన్నెకి తగిలినప్పుడు చప్పుడెలా ఉంటుంది, నిండుగా ఉంటే ఎలా, ఖాళీగా ఉంటే ఎలా? ఎండ పడితే ఎలా మెరుస్తుంది? చివరికి ఇంకో మెట్టెక్కి అడిగారు. అది మన సొంతమైతే ఎలా ఉంటుంది, అమ్మాల్సి వస్తే ఎలా ఉంటుంది, ఒకరికి ఇస్తుంటే ఎలా ఉంటుంది?

ఈ ఆఖరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎందుకంటే మన ఇళ్లలో ఇత్తడి సామాను నడిచిన తీరంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోతపోసిన కంచు, ఇత్తడి సామాను పెళ్లిలో సారెగా వచ్చేది. ఆడపిల్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందె మీద ఆ ఇంట్లో ఇంకెవరికీ హక్కుండేది కాదు. చింతపండుతో తోమితే బంగారంలా మెరిసేది, నాలుగు రోజులు వదిలేస్తే మాసిపోయేది. లోపల కళాయి పోతే పులుసూ మజ్జిగా పోసుకోవడానికి పనికిరాదు, చిలుమెక్కుతుంది. అప్పుడు వీధిలో కళాయివాడి కేక కోసం ఎదురుచూడాలి. అంటే ఆ వస్తువు కొన్న రోజుతో పని అయిపోయేది కాదు, ఏటా కాస్త చాకిరీ చేయించుకునేది. చాకిరీ చేసినకొద్దీ మనదయ్యేది. ఇక అమ్మడం. పాత ఇత్తడి తూకానికి పోతుంది, తరుగు తీసినా నాలుగు డబ్బులొస్తాయి. కానీ బిందె అమ్ముకోవాల్సి వచ్చిన ఇల్లాలు పట్టపగలు దాన్ని వీధిలో మోసుకెళ్లేది కాదు. తెల్లారకముందే, కొంగు కప్పుకుని వెళ్లేది. లోహానికి ధర ఎంతో కొట్టువాడికి తెలుసు. ఆ కొంగు ఎందుకో కొట్టువాడి త్రాసుకి తెలీదు, ఈమ్స్ దంపతులకి మాత్రం తెలిసింది.

స్టీలు వచ్చాక ఇదంతా పోయిందని కొందరు బాధపడతారు. నాకలా అనిపించదు. స్టీలు గ్లాసుకి కళాయి అక్కర్లేదు, చింతపండు అక్కర్లేదు, అన్నీ ఒక్క మూసలోంచి వచ్చినవే. అయినా మనవాళ్లు ఊరుకున్నారా? సామాన్ల కొట్టులో ఒక మూల స్టూలు మీద కుర్రవాడు కూర్చుని, జుయ్యిమనే చిన్న మిషన్‌తో గిన్నె అడుగున చుక్కలు చుక్కలుగా పేరు చెక్కుతుంటాడు. చి.ల.సౌ. అని మొదలుపెట్టి అమ్మాయి పేరు, ఇచ్చినవాళ్ల పేరు, తేదీ. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ గిన్నె బోర్లించి తోముతుంటే, ఈ లోకంలో లేని మేనత్త పేరు వేలికి తగులుతుంది. ఫ్యాక్టరీ ఇవ్వనిదాన్ని వాడేవాళ్లే చేర్చుకున్నారు, అక్షరానికి ఇంత అని డబ్బిచ్చి మరీ.

ఈమ్స్ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కీ అలాంటి సంస్థ వచ్చింది. వస్తువు రూపకల్పన ఇప్పుడు మన పిల్లలు చదువుకునే చదువు. వాడేవాళ్ల మనసుని దృష్టిలో పెట్టుకోవాలని వాళ్లకి మొదటి ఏడాదే చెబుతారు. అయితే మనసు అనగానే చాలామందికి తట్టేది సంతోషం. రంగులు, నునుపు, ముద్దొచ్చే ఆకారం. నేను ఈ పదిహేను నిమిషాల్లో చెప్పదలచుకున్నది దానికి కాస్త పక్కన ఉంటుంది. వస్తువు మనిషిని సంతోషపెట్టకపోయినా పర్వాలేదు, నలుగురిలో చిన్నబుచ్చకుండా ఉంటే సగం పని అయినట్టే. మన చుట్టూ ఉన్న సామానులో ఎక్కువభాగం ఈ చిన్న పరీక్షలోనే తప్పుతుంది.

కొత్త హోటల్ గదిలో స్నానాలగది కుళాయి చూడండి. గోడకి ఒకే ఒక మెరిసే పిడి. పైకెత్తాలా, తిప్పాలా, లాగాలా? బక్కెట్లోకి నీళ్లు పడతాయనుకుని తిప్పితే నెత్తిమీద షవర్ దూకుతుంది. కట్టుకున్న బట్టలు తడుపుకుని బయటికొచ్చిన పెద్దాయన ఏమంటాడు? ‘నాకు వీటి సంగతి తెలీదులేవోయ్’ అంటాడు. కుళాయిని తిట్టడు, తన్నే తిట్టుకుంటాడు. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో ఒక పుస్తకం నిండా ఈ మాటే చెప్పాడు. తలుపుని తొయ్యాలో లాగాలో తెలియకపోతే తప్పు తలుపుది, మనిషిది కాదు అని. ఆ పుస్తకం వచ్చాక అలా తికమకపెట్టే తలుపులకి డిజైనర్ల లోకంలో నార్మన్ తలుపులనే పేరు స్థిరపడింది. ఆ తర్వాత 2004లో ఆయనే ఇంకో పుస్తకం రాశాడు. వాడకం సులువైతే చాలదు, చూడగానే కలిగేది, వాడుతుంటే కలిగేది, తర్వాత తలుచుకుంటే కలిగేది, ఈ మూడూ వస్తువు పనితనంలో భాగమేనని అందులో ఆయన వాదన.

ఆయన మనసు అటు తిప్పిన సంగతుల్లో ఒకటి జపాన్‌లో జరిగిన ప్రయోగం. 1995లో కురోసు, కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం తెర మీద బొత్తాలని 26 రకాలుగా అమర్చి జనానికి చూపించారు. పని ఒకటే, అమరిక మాత్రమే వేరు. అందంగా ఉన్నదాన్నే జనం వాడటానికి సులువైనదని కూడా అనుకున్నారు. ఇజ్రాయెల్‌లో ట్రాక్టిన్‌స్కీ అనే ఆయన ఇది చదివి నమ్మలేదు. జపాన్‌వాళ్లకి అందం మీద మక్కువ ఎక్కువ, మావాళ్లు అలాంటివి పట్టించుకోరు అనుకుని, అదే ప్రయోగం తన దేశంలో చేసి చూశాడు. అక్కడ ఆ సంబంధం ఇంకా గట్టిగా తేలింది.

దీన్నిబట్టి అందంగా చేస్తే చాలని తీర్మానించేవాళ్లున్నారు. ఆ ప్రయోగంలో ఒకటి లేదు. వెనక నిలబడ్డ క్యూ లేదు. ఒకటో తారీఖున ఏదైనా బ్యాంకు బయట ఏటీఎం దగ్గర కాసేపు నిలబడి చూడండి. పింఛను తీసుకునే పెద్దావిడ కార్డు పెడుతుంది, తెర ఏదో అడుగుతుంది, ఆవిడ చదువుకునేలోపే ఇంకో తెర వస్తుంది. వెనక ఎవరో గొంతు సవరించుకుంటారు. అంతే, చెయ్యి వణుకుతుంది. మర్నెలనుంచి ఆవిడ కార్డూ, పిన్ను నంబరూ రెండూ తెచ్చి వాచ్‌మన్ చేతిలో పెడుతుంది. ‘బాబూ, నువ్వే తీసిపెట్టు.’ పిన్ ఎవరికీ చెప్పకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది, ఆవిడా విన్నదే. అయినా డబ్బు పోతుందన్న భయం కంటే నలుగురిలో తెల్లమొహం వెయ్యాల్సి వస్తుందన్న భయం పెద్దది. ఆ తెరని రాసినవాళ్లు దొంగని దృష్టిలో పెట్టుకున్నారు, ఆవిడని పెట్టుకోలేదు. కాస్త నిదానించి, ఇంకా సమయం కావాలా అని ముందే అడిగే తెర ఉంటే బ్యాంకుకి పోయేదేమీ లేదు.

ఇక్కడ మళ్లీ ఈమ్స్ దంపతులది ఒక సంగతి చెప్పి ముందుకెళతాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాళ్లు అమెరికా నౌకాదళం కోసం ప్లైవుడ్‌ని వంచి, గాయపడ్డవాళ్ల కాలికి కట్టే బద్దని తయారుచేశారు. వాళ్ల ప్రసిద్ధమైన కుర్చీల వంపులు ఆ పనిలోంచి వచ్చినవే. కాలి సంగతి ఎత్తాను కాబట్టి, వస్తువు మనిషిని చిన్నబుచ్చకూడదన్న మాటకి మన దేశంలో నాకు తెలిసిన అన్నిటికంటే గొప్ప ఉదాహరణకి వస్తాను. జైపూర్ పాదం.

1960లలో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేథీ ఎముకల వైద్యులు. కాళ్లు పోయినవాళ్లకి అప్పట్లో పాశ్చాత్య పద్ధతిలో చేసిన కృత్రిమ పాదాలు అమర్చేవారు. ఇంజనీరింగ్ పరంగా వాటికి వంక పెట్టడానికి లేదు. కానీ అవి బూటులో ఉండటం కోసం చేసినవి. చీలమండ దగ్గర వంగవు. బూటు విప్పితే పాదంలా కనిపించవు, దిమ్మలా కనిపిస్తాయి. వాటిని పెట్టుకుని రైతు ఊరికెళ్లాడు. మాగాణి బురదలోకి బూటుతో దిగలేడు. పొలం గట్టు మీద గొంతుక్కూర్చోలేడు. బాసింపట్టు వేసుకుని పంక్తిలో భోజనానికి కూర్చోలేడు. గుడి మెట్ల దగ్గర అందరూ చెప్పులు విడుస్తుంటే అతను మాత్రం అటూఇటూ చూడాలి. చుట్టం ఇంటి గుమ్మంలో కూడా అంతే. నడవడానికి పనికొచ్చే కాలే, ఆ మనిషిని నలుగురిలోంచి విడదీస్తోంది. చాలామంది దాన్ని మూలపెట్టి మళ్లీ చంకకర్ర పట్టుకున్నారు. కర్ర పట్టుకున్నవాడు కనీసం పంక్తిలోనైనా కూర్చోగలడు.

ఆ ఆస్పత్రిలోనే రాంచంద్ర శర్మ అనే శిల్పి ఉండేవారు. అందరూ మాస్టర్జీ అని పిలిచేవారు. రోగులకి చేతిపనులు నేర్పడానికి వచ్చినవారు. పెద్ద చదువులు లేవు. బొమ్మలు చేసే చెయ్యి కాబట్టి ఆయన పాదాన్ని పాదంలాగే చూశారు. లారీ టైర్ల రబ్బరుతో, మెత్తని స్పాంజి రబ్బరుతో, చీలమండ దగ్గర చెక్కతో, పైన ఒంటి రంగు రబ్బరు తొడుగుతో, మూసలో పెట్టి ఉడికించి ఒక పాదం తయారుచేశారు. దానికి వేళ్లున్నాయి. వంగుతుంది, కాస్త పక్కలకీ తిరుగుతుంది. బూటు అక్కర్లేదు. వట్టికాళ్లతో బురదలోకి దిగొచ్చు, చెట్టెక్కొచ్చు, గుళ్లోకి వెళ్లొచ్చు. 1968 నాటికి అది రూపు దిద్దుకుంది. 1975లో జైపూర్‌లోనే మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దాన్ని పేదలకి ఉచితంగా అమర్చడం మొదలుపెట్టింది. 1981లో సేథీగారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. లోకంలో పేరు ఎక్కువగా డాక్టరుగారికే దక్కింది. పాదానికి వేళ్లు పెట్టిన చెయ్యి మాత్రం మాస్టర్జీది.

ఆ వేళ్ల గురించి ఒక్క క్షణం ఆలోచించండి. నడకకి ఆ రబ్బరు వేళ్లు విడివిడిగా కనిపించాల్సిన పనేముంది? గోళ్ల గీత దేనికి? లెక్కలు చూసే మేనేజరుంటే మొదట కొట్టేసేది దాన్నే. కానీ పంక్తిలో పక్కన కూర్చున్నవాడి చూపు అక్కడ ఆగకుండా దాటిపోవాలంటే అవి ఉండాలి. పని, మనసు అని రెండు అరలు పెట్టుకుని ఆలోచించేవాళ్లకి ఇది అంతుపట్టదు.

మన తెలుగువాళ్లకి ఈ పాదం వెండితెర మీద పరిచయమైంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం తర్వాత నర్తకి సుధా చంద్రన్‌కి కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ పాదం పెట్టుకుని, నెలల తరబడి నొప్పి ఓర్చుకుని మళ్లీ భరతనాట్యం చేసిందావిడ. ఆ కథతోనే సింగీతం శ్రీనివాసరావుగారు ‘మయూరి’ తీశారు, అందులో ఆవిడే నటించింది. భరతనాట్యం వట్టి పాదాలతో చేసేది. బూటులో ఉండే పాదంతో అది కుదిరే మాటే కాదు. అప్పట్లో థియేటర్లో జనం ఆ అమ్మాయి పట్టుదలకి చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. అందులో కొన్ని మాస్టర్జీకి కూడా చెందాలి.

చిన్నబోవడం ఒకటైతే, భయం ఇంకొకటి. ఎమ్మారై స్కానింగ్ చేయించుకున్నవాళ్లకి ఆ సొరంగం తెలుసు, లోపలి దడదడ తెలుసు. పెద్దవాళ్లకే గుండె జారుతుంది. జీఈ కంపెనీలో అలాంటి మిషన్లు రూపొందించే డగ్ డీట్జ్ అనే అమెరికన్, తను చేసినదాన్ని చూసుకుని మురిసిపోదామని ఒక ఆస్పత్రికి వెళ్లాడు. అదే సమయానికి ఒక చిన్నపిల్ల అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. కదలకుండా పడుకుంటేనే ఫొటో సరిగా వస్తుంది. అందుకని చాలామంది పిల్లలకి మత్తు ఇచ్చి స్కాన్ చేస్తారని ఆయనకి అప్పుడే తెలిసింది.

మిషన్ లోపలి భాగాలు మార్చడానికి ఆయన దగ్గర డబ్బూ లేదు, అధికారమూ లేదు. అందుకని చుట్టూ ఉన్నవి మార్చాడు. పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిలో గోడలు, నేల, మిషన్ పైతొడుగు అన్నీ కలిపి సముద్రపు దొంగల ఓడగా బొమ్మలు వేయించాడు. ఇంకో గదిలో బల్ల పడవ అయింది. కదిలితే పడవ ఊగుతుంది, కదలకుండా పడుకుంటే చేపలు నీ మీదుగా ఎగురుతాయి అని టెక్నీషియన్ పిల్లకి చెబుతాడు. నాకు ఈ మొత్తంలో నచ్చింది బొమ్మలు కాదు, ఆ మాట. ‘కదలొద్దు’ అంటే పిల్లకి అది శిక్ష. ‘పడవ ఊగకుండా చూసుకో’ అంటే పిల్లకి ఒక పని దొరికింది. మత్తు ఇవ్వాల్సిన అవసరం బాగా తగ్గింది. మన ఆస్పత్రుల్లో గోడ మీద మిక్కీమౌస్ బొమ్మ అంటించి ఇదే చేశామనుకునేవాళ్లున్నారు. సూది పట్టుకున్న నర్సమ్మ ‘ఏడిస్తే ఇంకోటి వేస్తా’ అంటుంటే మిక్కీమౌస్ ఏం చెయ్యగలదు?

మనం అయిదేళ్లకోసారి వాడే వస్తువు ఒకటుంది, దాన్నీ ఈ కళ్లతో చూడొచ్చు. ఓటింగ్ యంత్రం. హైదరాబాదు ఈసీఐఎల్, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేస్తాయి. బొంబాయి ఐఐటీ డిజైన్ కేంద్రానికి చెందిన ఎ.జి. రావు, రవి పూవయ్య దానికి రూపం ఇచ్చారు. పాత పద్ధతిలో ముద్ర వేసి, కాగితం మడిచి, మన చేత్తో మనం పెట్టెలో వేసేవాళ్లం. ఓటు పడిందని చేతికే తెలిసేది. మిషన్ వచ్చాక ఆ ధీమా పోతుంది కదా? ఆ లోటు పూడ్చడానికే నీలం బొత్తం నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, గదంతా వినపడేలా పొడుగ్గా ‘పీఁ’ అని మోగుతుంది. ఆ మోత అధికారులకీ పనికొస్తుంది. కానీ మొదటిసారి మిషన్ ముందు నిలబడ్డ కూలిమనిషికి ఆ శబ్దమే రసీదు. తర్వాత అనుమానాలొచ్చాయి, కాగితం చూస్తేగానీ నమ్మం అన్నారు. అప్పుడు పక్కన వీవీప్యాట్ పెట్టె చేరింది, చీటీ అద్దంలోంచి ఏడు సెకన్లు కనిపించి తెగి లోపల పడుతుంది. ఏడు సెకన్లు చాలా? కళ్లజోడు జేబులోంచి తీసి పెట్టుకునేసరికే నాలుగు అయిపోతాయి. ముందే పెట్టుకుని వెళ్లండి.

మనుషుల మనసు తెలుసుకుని వస్తువు చెయ్యడం ఎప్పుడూ పుణ్యకార్యమే అనుకోకండి. మన చేతిలో ఫోనుంది చూశారూ, మనసు గురించి అంత లోతుగా చదివి తయారుచేసిన వస్తువు చరిత్రలో లేదేమో. ఎర్రచుక్క కనిపిస్తే నొక్కకుండా ఉండలేమని తయారుచేసినవాళ్లకి తెలుసు. నీ స్నేహితుడు ఏదో పెట్టాడు, నువ్వు చూడలేదు అని చెబితే మనకి తోచదని తెలుసు. అదంతా డిజైనే, మంచి జీతాలిచ్చి చేయించిన డిజైన్. కాబట్టి ‘ఈ వస్తువు నా మనసుకి ఏం చేస్తోంది’ అని అడగడంతో పాటు ‘ఎవరి లాభానికి చేస్తోంది’ అని కూడా అడుక్కోవాలి. దీని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఇక్కడే వదిలేస్తాను.

ఇంక మిగిలిన సమయం ఒక్క వస్తువుకి ఇస్తాను. చెవిలో పెట్టుకునే మిషన్. మన భాషలో దాన్ని చెవిటి మిషన్ అంటాం. పేరులోనే పెట్టుకునేవాడి జబ్బుని చాటేస్తున్నాం. కళ్లజోడుని గుడ్డి అద్దాలు అని ఎవరూ అనరు. గ్రాహం పులిన్ అనే బ్రిటిష్ డిజైనర్ 2009లో రాసిన పుస్తకంలో ఈ తేడానే పట్టుకున్నాడు. కళ్లజోడూ ఒకప్పుడు వైద్య పరికరమే, పెట్టుకోవడానికి జనం సిగ్గుపడ్డదే. క్రమంగా ఫ్రేముకి రంగులొచ్చాయి, ఆకారాలొచ్చాయి, చూపు బాగున్నవాళ్లు కూడా మోజుపడి పెట్టుకునే రోజొచ్చింది. మన దగ్గరైతే గాంధీగారి గుండ్రటి కళ్లజోడు ఏకంగా స్వచ్ఛభారత్ ముద్ర అయింది. చెవి మిషన్ దారి వేరు. అది ఏటా చిన్నదైపోతూ, ఒంటి రంగులో కలిసిపోతూ, దాక్కుంటూ వచ్చింది. దాచాల్సిన వస్తువు అని తయారుచేసినవాడే చెబుతుంటే పెట్టుకునేవాడు సిగ్గుపడక ఏం చేస్తాడు? మన సినిమాల్లో చెవి వినిపించని పాత్ర చాలాసార్లు నవ్వించడానికే వస్తుంది.

చిన్నదైనకొద్దీ ఇబ్బందులూ పెరిగాయి. వినికిడి బాగా తగ్గినవాళ్లకి చెవి వెనక పెట్టుకునే పెద్ద మిషనే బలంగా పనిచేస్తుంది. కనిపిస్తుందని వాళ్లు వద్దంటారు, లోపలికి దూరిపోయేదే కావాలంటారు. దాంట్లో బ్యాటరీ చొక్కా గుండీ కంటే చిన్నది. వెనక రంగు స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు పీకగానే గాలి తగిలి బ్యాటరీ పని మొదలెడుతుంది, ఇక వాడినా వాడకపోయినా అరిగిపోతుంది. డెబ్బై అయిదేళ్ల మనిషి వేళ్లకి ఆ స్టిక్కరు దొరకదు. దొరికినా బ్యాటరీ జారి మంచం కిందికి పోతుంది. మా మేనమామ తన మిషన్‌ని బీరువాలో, బంగారం పెట్టుకునే అరలో దాచారు. ఖరీదైనదని దాచారని మా అత్తయ్య అనుకుంది. అసలు కారణం, బ్యాటరీ మార్చమని మాటిమాటికీ కోడలిని అడగడం ఆయనకి ఇష్టం లేదు. ఇంకోటీ ఉంది. మిషన్ చెవిలో సరిగ్గా కూర్చోకపోయినా, దానికి ఏదైనా దగ్గరగా వచ్చినా కీచుమని కూస్తుంది. మనవరాలిని దగ్గరికి తీసుకున్నప్పుడల్లా కూసింది. పిల్ల భయపడి వెనక్కి జరిగింది. ఆ రోజు నుంచి అది బీరువాలోనే.

చిత్రమేమిటంటే ఇప్పుడు కుర్రకారంతా చెవుల్లో తెల్లటి ఇయర్‌బడ్స్ పెట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారు, బస్సులో కూర్చుంటున్నారు, కూరలు కొంటున్నారు. చెవిలో యంత్రం ఉండటం వింత కాకుండా పోయింది. 2022లో అమెరికాలో, కొద్దిగానో ఓ మోస్తరుగానో వినికిడి తగ్గిన పెద్దవాళ్లు డాక్టరు చీటీ లేకుండా ఈ మిషన్లు కొనుక్కోవచ్చని నియమం మార్చారు. 2024 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ ప్రోలోని సాఫ్ట్‌వేర్‌ని వినికిడి పరికరంగా వాడుకోవడానికి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. వినికిడి బాగా పోయినవాళ్లకి అది చాలదు, ఛార్జింగ్ కొన్ని గంటల్లో అయిపోతుంది, ధరా తక్కువేం కాదు. అయినా మనవడి చెవిలో ఉన్నదే తాత చెవిలో కూడా ఉంటే తాత దాచుకోడు.

ఇంట్లో పెద్దవాళ్లకి మిషన్ కొనబోతున్నవాళ్లకి ఒక మాట. వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టి మీరొక్కరే వెళ్లి తేకండి. దుకాణానికి ఆయన్ని తీసుకెళ్లండి, పక్కన వాళ్లావిడనీ తీసుకెళ్లండి. ఆయన మొదట వినాల్సింది ఆవిడ గొంతు, సేల్స్‌మన్ గొంతు కాదు. పెట్టుకున్నాక నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి బాగుందా అని అడుగుతారు. అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. బయటికి వచ్చి, ఆటోలూ బస్సులూ పోతుంటే మాట్లాడి చూడండి. ఆయన ఫోనుతోనే ఒక కాల్ చేయించండి. బ్యాటరీ మార్చే రకమైతే అక్కడే ఆయన చేత్తో తీసి పెట్టించండి, వేళ్లు తడబడితే ఛార్జింగ్ పెట్టే రకం చూపించమనండి. పాప ఉంటే ఎత్తుకుని చూడమనండి, కూస్తే చెవి కొలత మళ్లీ తీయించండి. డబ్బు కట్టేముందు కొన్నాళ్లు ఇంట్లో వాడి చూడ్డానికి ఇస్తారేమో అడగాలి. ఆ మాట మీరు అడక్కండి, ఆయన్నే అడగనివ్వండి. దుకాణంవాళ్లు జవాబు మీ వైపు తిరిగి చెబుతుంటే, ఆయనకే చెప్పమనండి.